రేడియోలున్న ఇంట్లో పిల్ల

పిల్ల పాలపీకలు మరిగించే గిన్నెలోనే ఆ ఆదివారం పొద్దున్న రేడియో నాబులు నానబెట్టేను. "కుంకుడు రసంలో వెయ్యి. సబ్బు వద్దు, మెరుపు పోతుంది. పాత బ్రష్షుతో గాడుల్లో మట్టి తియ్యి. గట్టిగా రుద్దేవు, జాగ్రత్త" అని చెప్పి మా ఆయన స్నానానికి వెళ్ళేరు. వేరే గిన్నె లేదా అంటే ఉంది, అది లోతు చాలదట. నాబులంటే రేడియోకి ముందువైపు ఉంటాయే, సౌండు పెంచడానికీ స్టేషను మార్చడానికీ తిప్పేవి, అవి. మా అత్తయ్యగారు వాటిని చెవులంటారు. చెవులు పీకేసిన రేడియో హాల్లో పొట్టి బల్ల మీద కూచుని ఉంది. నాబులుండాల్సిన చోట రెండు ఇనప పుల్లలు బయటికి పొడుచుకొచ్చేయి. ఇప్పుడిప్పుడే అడుగులేస్తున్న నా కూతురు షారోను ఆ బల్ల అంచు పట్టుకుని నిలబడి, వాటికేసే చూస్తోంది. గిన్నె అక్కడ పడేసి పరిగెత్తేను.

"ప్లగ్గు తీసే ఉందిలే. ఎందుకలా అడిలిపోతావు?" అన్నారు అత్తయ్యగారు. ఆవిడ చర్చికి కట్టుకోబోయే చీర ఇస్త్రీ చేసుకుంటున్నారు. హాల్లో ఉన్నది ఒకటే ప్లగ్గు పాయింటు. రేడియోది పీకి ఇస్త్రీపెట్టెది పెట్టుకున్నారు. పిల్లని చంకనేసుకుని అక్కడే నిలబడ్డాను. చీర మడతపెట్టి, ఇస్త్రీపెట్టె తీసి, ఆవిడ మళ్ళీ రేడియో ప్లగ్గు గోడలో దూర్చేరు. బల్ల అడ్డం. నాకు కనపళ్ళేదు.

"ఎర్రచుక్క పైకి ఉండాలంటండీ అత్తయ్యగారూ."

"నాకు తెలుసులే. నీకంటే ముందొచ్చేను ఈ ఇంటికి."

ఆ ఎర్రచుక్క సంగతి పెళ్ళైన కొత్తలో ఆయనే చెప్పేరు, నన్ను పక్కన కూచోబెట్టుకుని, ఎంతో సరదాగా. పాత రేడియోల్లో ఏసీ-డీసీ సెట్లని కొన్నుంటాయట, ఈ సెట్టూ అలాంటిదేనట. వాటికి లోపల ట్రాన్స్‌ఫార్మరు ఉండదట. గోడలోంచి వచ్చే కరెంటు తీగ ఒకటి నేరుగా లోపలి ఇనప రేకుకే తగిలించి ఉంటుందట. ప్లగ్గు ఒకవైపు పెడితే ఆ రేకు మామూలు రేకు. తిరగేసి పెడితే ఆ రేకూ, దాని మరలూ, నాబులు బిగించే పుల్లలూ అన్నీ కరెంటే. రెండు కాళ్ళ ప్లగ్గు ఎటైనా దూరుతుంది కదా. అందుకని సరైన వైపు తెలియడానికి నా గోళ్ళరంగు సీసా తీసుకుని ప్లగ్గు మీద చుక్క పెట్టేరు. "చూసేవా, నీ గోళ్ళరంగు ఎంత పనికొచ్చిందో" అన్నారు. నేనూ నవ్వేను. అప్పటికి షారోను పుట్టలేదు.

మా ఆయన శ్యామ్ బాబు గారు హైస్కూల్లో సైన్సు మాస్టారు. రాజోలు చుట్టుపక్కల ఆ పేరు చెబితే ఎవరో అంటారు గాని, రేడియో మాస్టారంటే చిన్నపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు. పెద్ద తుపాను వచ్చిన ఏడాది పెంకులు లేచిపోయిన ఇళ్ళలోంచి, కూలిన అటకల మీంచి ఎక్కడెక్కడి పాత సామాన్లో వీధిలోకొచ్చి పడ్డాయి. అందరూ బియ్యం బస్తాలకీ టార్పాలిన్లకీ లైన్లో నిలబడితే ఈయన మోపెడ్ వేసుకుని రేడియోలకి తిరిగేరు. గాజు వాల్వులుండే పెద్ద రేడియోలు, చెక్కవీ బేకలైటువీ, నీళ్ళు కారుతూ, లోపల బొద్దింకలతో. "పారేస్తున్నాం మాస్టారండీ, మీకు పనికొస్తాయంటే పట్టుకుపోండి" అనేవారట. నాకు అప్పుడు నెలలు నిండుతున్నాయి. మా వంటింటి కప్పు మీద పెంకులు సగం లేవు. ముందు రేడియోలకి నీడ కావాలన్నారు.

ఆయన్ని తప్పుబట్టడానికి ఇది చెప్పట్లేదు. చచ్చిపోయిన రేడియోని విప్పి, తీగలు మార్చి, వాల్వులు వెతికి పెట్టి, మొదటిసారి డయల్లో పచ్చటి వెలుతురొచ్చినప్పుడు ఆయన మొహం చూడాలి. నాకూ బాగుంటుంది. వాల్వులు వేడెక్కేదాకా ఏమీ వినపడదు, ఊపిరి బిగబట్టి కూచుంటాం, తర్వాత ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టు మెల్లగా గొంతు పైకొస్తుంది. అలా వచ్చినప్పుడు ఆయన అత్తయ్యగారిని పిలుస్తారు, పక్కింటివాళ్ళని పిలుస్తారు. నన్ను పిలవక్కర్లేదు. రేడియో చెక్కలకి చపడా పాలిష్ పట్టిన చేతులతో నేనక్కడే ఉంటాను కదా.

మా ఇంట్లో తడి పట్టని గది ఒకటే. గాలీ ఎండా రెండూ వచ్చే గది. అది రేడియోలది. "వాటికి చెమ్మ తగిలితే లోపల కాగితం కెపాసిటర్లు పాడైపోతాయి" అంటారు. వానాకాలం వాటి బీరువాలో పగలంతా బల్బు వెలుగుతూనే ఉంటుంది. నేనూ పిల్లా పడుకునేది వంటింటిని ఆనుకున్న సావిట్లో. గోడ మోకాలెత్తు దాకా ఎప్పుడూ చెమర్చే ఉంటుంది. పిల్ల గుడ్డలు ఆరక, నీళ్ళపొయ్యి పక్కన కొబ్బరిడొక్కల సెగకి ఆరేసేదాన్ని. షారోను ఒళ్ళంతా పొగవాసన. దగ్గు. "ఆ బీరువాలో ఓ మూల రెండు గుడ్డలు ఆరేసుకుంటానండీ" అని అడిగితే ఆయన కోప్పళ్ళేదు. నవ్వేరు. "తడిగుడ్డలు రేడియోల బీరువాలోనా! నువ్వు భలేదానివి కరుణా." ఆ మాట చర్చిలో అత్తయ్యగారి నోట విని జనం కూడా నవ్వేరు. పాస్టరు అయ్యగారి భార్య కూడా.

నేను పదో తరగతి మధ్యలో మానేసేను. మా అమ్మకి ఆసుపత్రిలో ఆయా పని దొరికింది. తమ్ముళ్ళ దగ్గర ఇంట్లో మనిషుండాలి. "కాస్త నువ్వు చూసుకో" అంది. అప్పటికింకా మాకు కరెంటు పాఠం రాలేదు. ఇది మా ఆయనకి పెద్ద హాస్యం. ఇంటికొచ్చే టీచర్లతో అంటారు, "మా ఆవిడ కరెంటు పాఠం ముందే బడి మానేసిందండి, అందుకే ఆ భయం." వాళ్ళు నన్ను జాలిగా చూసి టీ తాగుతారు.

భయం నాకు పాఠం లేక రాలేదు. షారోనుకి ఇంకా కూచోవడం కూడా రాని రోజుల్లో, పిల్లని చంకలో పెట్టుకుని, ఆయన చెప్పినట్టే రేడియోల వెనకవైపు దుమ్ము తుడుస్తున్నాను. గుడ్డ కొంచెం తడిగా ఉన్నట్టుంది. ఓ మర నా వేలికి తగిలింది. మోచెయ్యి దాకా ఎవరో కర్రపెట్టి కొట్టినట్టయింది. నేను కేక పెట్టేను. పిల్ల కూడా కేక పెట్టి నీలుక్కుపోయి ఏడ్చింది. నా కేకకి జడుసుకుని ఏడ్చిందో, నా ఒంట్లోంచి దాని ఒంట్లోకి కూడా పాకిందో, ఈనాటికీ నాకు తెలీదు. ఆ సాయంత్రమంతా దాని అరికాళ్ళు పట్టుకుని చూస్తూనే ఉన్నాను. ఆయన బడి నుంచొచ్చి ప్లగ్గు చూసేరు. చుక్క కిందకి ఉంది. ఎవరో తిరగేసి పెట్టేరు. "తడిచేత్తో ఎవరు ముట్టుకోమన్నారు?" అన్నారు. అత్తయ్యగారు, "ఏమీ కాలేదు కదా, దేవుడికి స్తోత్రం" అన్నారు. అంతటితో అయిపోయింది. రేడియో అక్కడే ఉంది. మారిందల్లా నేను. "పిల్లని చూసుకో" అన్నది ఆ రోజునుంచి నాకు ఇంకో పని అయింది.

ఆ పని ఎలాంటిదో చెప్పాలంటే కష్టం. అన్నం వార్చేటప్పుడు చెయ్యి గంజి దగ్గరుంటుంది, చెవి గది దగ్గరుంటుంది. నీళ్ళు తోడేటప్పుడు పిల్ల చప్పుడు ఆగిపోతే చేద వదిలేస్తాను. గది తలుపుకి గొళ్ళెం లేదు, తుపానుకి ఊడిపోయింది, వేయించమంటే "ఈ సెలవుల్లో" అంటారు. అటక మీద బల్ల కొట్టించి రేడియోలన్నీ పైకెక్కించమంటే "పైన పెడితే ఎవరు చూస్తారు?" అంటారు. అంతా అనుకుంటారు ఆ రేడియోలు కరెంటుతో పాడతాయని. సగం నా కళ్ళతో పాడతాయవి. నేను రెప్ప వెయ్యకుండా కూచుంటేనే ఆయన నిశ్చింతగా వాల్వులు మార్చుకుంటారు. ఆయన పడాల్సిన భయం కూడా కలిపి నేనే పడుతున్నాను కాబట్టి ఆయనకి ధైర్యవంతుడని పేరు, నాకు పిరికిదని పేరు.

ఆ ఆదివారం అమలాపురం నుంచి పేపరు విలేఖరి పోలిరాజు గారు వస్తున్నారు. రేడియో మాస్టారి మీద రాస్తారట, ఫోటో వేస్తారట. ముందురోజు నుంచే ఇల్లు ఇల్లులా లేదు. మంచి మంచి సెట్లన్నీ గదిలోంచి హాల్లోకి వచ్చేయి. కిటికీ వెలుతురు పడాలని పొట్టి బల్లల మీద పేర్చేరు. పొట్టి బల్లలంటే సరిగ్గా షారోను ఎత్తు. "కాస్త ఎత్తు మీద పెట్టండి" అన్నాను. "ఒక్కపూట చూసుకోలేవా?" అన్నారు.

చర్చి నుంచి మావాళ్ళొచ్చిన కాసేపటికే పోలిరాజు గారు కూడా వచ్చేరు. పెద్ద కెమెరా, మూడు కాళ్ళ స్టాండు. బయట ముసురు.

"ఆయ్, నమస్కారమండి మాస్టారండీ. అబ్బబ్బ, ఇదేంటండీ, ఆకాశవాణి అంతా మీ ఇంట్లోనే ఉన్నట్టుంది!"

"రండి రండి. చెప్పులు పర్వాలేదండి, రండి."

"ఈ గుడ్డ చూడండి, స్పీకరు ముందు. జరీ అంచు! అప్పటిదేనాండి?"

"అప్పటివెక్కడ దొరుకుతాయండి. వెతికి వెతికి పట్టుకున్నాను" అన్నారు మా ఆయన.

అది మా అమ్మ నాకు పెట్టిన బండారులంక చీర. పెట్టెలోంచి తీసి, అంచు కత్తిరించేక నాకు చెప్పేరు. మా అమ్మ మొదటి జీతంతో కొన్న చీర. వంటింట్లోంచి వింటున్నాను. పిల్లని మంచం కోడుకి తువ్వాలుతో కట్టేసేను. నడుం చుట్టూ వదులుగా, ముడి వెనక్కి. ఆ ముడి వేస్తుంటే నా చేతులు నావి కానట్టున్నాయి. దూడని కట్టినట్టు కట్టేను. టీ పెట్టాలి, పిల్లని చూడాలి, రెండు చేతులే ఉన్నాయి. షారోను రాగం తీసింది.

"ఎవరండీ ఆ గాయని?" అన్నారు పోలిరాజు గారు.

"మా అమ్మాయి."

"తీసుకురండి తీసుకురండి. పాత రేడియో, చిన్న పాప. పాప చెయ్యి రేడియో మీదుంటే ఫోటో ఎలా ఉంటుందంటారు! మొదటి పేజీకి ఎక్కించేస్తాను."

అత్తయ్యగారు వచ్చి తువ్వాలు విప్పేరు. "పిల్లని కట్టేస్తావా? ఏం తల్లివే" అని నాకు మాత్రమే వినపడేలా అని, ఎత్తుకుపోయేరు. నేను వెనకే వెళ్ళబోయేను. టీ పొంగింది. దింపి, గ్లాసుల్లో పోసి, ప్లేటు పట్టుకుని వచ్చేసరికి హాల్లో పెద్ద సెట్టు పాడుతోంది. చెవుల్లేని సెట్టు. నాబులు నా గిన్నెలోనే ఉన్నాయి ఇంకా. డయలు వెలుగుతోంది. షారోనుని బల్ల మీద, సరిగ్గా ఆ రేడియో పక్కన కూచోబెట్టి, మా ఆయన ఒక చేత్తో దాని వీపు పట్టుకుని ఉన్నారు.

మా వంటింట్లోంచి హాల్లోకి వరండా మీంచి రావాలి. గుమ్మంలోనే ఆగిపోయేను. నాకూ వాళ్ళకీ మధ్య పోలిరాజు గారూ, స్టాండూ, ఆ వెనక బల్లలూ.

"ఏమండీ, పొద్దున్న అత్తయ్యగారు ఇస్త్రీ చేసుకున్నారండి. ప్లగ్గు తీసి పెట్టేరు. ఒకసారి చుక్క చూడండి."

"అలాగే పెట్టేనంటే వినవేం?" అన్నారు అత్తయ్యగారు.

"ఏమైందండి?" అన్నారు పోలిరాజు గారు.

"ఏం లేదండి. మా ఆవిడకి కరెంటంటే భయం" అని నవ్వేరు ఆయన. "టీ అక్కడ పెట్టు కరుణా. ఏం కాదు, నేనున్నాను కదా."

"సౌండు కొంచెం పెంచండి మాస్టారండీ, పాప అటు తిరుగుతుంది."

అప్పుడు చూసేను. ఆయన కటింగ్ ప్లేయరు తీసుకున్నారు. పిడులకి రబ్బరు తొడుగులుంటాయే, అది. ఆ తొడుగులు పట్టుకుని, దాని కొసలతో ఇనప పుల్లని పట్టి తిప్పేరు. నాబు లేదు కదా, పట్టు దొరకదు, అందుకే అయ్యుండొచ్చు. అలవాటు కొద్దీ అయ్యుండొచ్చు. కాని ఏం కాదని చెప్తున్న మనిషి వేళ్ళు ఆ పుల్లకి తగలట్లేదు. సౌండు పెరిగింది. పిల్ల అటు తిరిగింది. కళ్ళు పెద్దవి చేసుకుని, ఆ వెలుతురు కేసి చెయ్యి చాపింది.

"అదీ! అలాగే అలాగే, ముట్టుకో తల్లీ" అంటున్నారు పోలిరాజు గారు కెమెరాలోంచి.

నేను అరిస్తే ఉలిక్కిపడి అందినదేదో పట్టుకుంటుంది. పరిగెడితే స్టాండు తగిలి ఆలస్యమవుతుంది. ఇవన్నీ ఆలోచించేనని ఇప్పుడు రాస్తున్నాను గాని అప్పుడు ఆలోచించలేదు. నా ఎడమ చేతివైపు వరండా గోడకి మీటరు బోర్డు. టీ ప్లేటు ఎక్కడ పెట్టేనో తెలీదు. మెయిను కిందకి లాగేను. దాని కిందున్న తెల్లటి పింగాణీ ఫ్యూజులు రెండూ ఊడబీకేను. లైనుమేను తియ్యగా చూడ్డమే గాని నేనెప్పుడూ ముట్టుకోలేదు. గట్టిగా ఉంటాయనుకున్నాను. చిగుట్లోంచి కదిలిన పాలపన్ను వచ్చినట్టు వచ్చేసేయి.

వాల్వు రేడియో ఒక్కసారిగా ఆగదు. ముందు డయలు ఆరింది. పాట కొంచెం సాగి, సన్నబడి, లోపలికి పోయింది. షారోను రెండు చేతులతో రెండు పుల్లలూ పట్టుకుంది. పట్టుకుని, ఊపి, ఆయనకేసి చూసి నవ్వింది.

"ఛ! కరెంటు పోయింది" అన్నారు ఆయన.

"మన కరెంటు సంగతి తెలిసిందే కదండి, వస్తుందిలెండి. ఈలోగా టీ తాగుదాం" అన్నారు పోలిరాజు గారు.

"సరిగ్గా ఫోటో టైముకే" అన్నారు అత్తయ్యగారు.

ఎవరూ నా కేసి చూడలేదు. ఫ్యూజులు పమిట కింద పట్టుకుని నిలబడ్డాను. చాలా సులువు. లోపలికెళ్ళి పిల్లని ఎత్తుకోవడం, పాలకి ఏడుస్తోందనడం, వాళ్ళు టీ తాగుతుండగా మళ్ళీ వచ్చి ఫ్యూజులు పెట్టెయ్యడం. ఎన్నిసార్లు చెయ్యలేదు నేను అలాంటివి. ఈ ఇంట్లో నేను కాపాడినవన్నీ ఎవరికీ తెలియకుండా కాపాడినవే. రేపు మళ్ళీ చేద వదిలేసి పరిగెత్తొచ్చు. ఎల్లుండి కూడా. ఒకరోజు నేను పరిగెత్తేసరికి ఆలస్యమవుతుంది. ఆ రోజు అందరూ అడిగేది ఒకటే, తల్లి ఎక్కడికెళ్ళింది అని.

పక్కింట్లోంచి టీవీ వినపడుతోంది.

"వీరాయమ్మగారింట్లో ఉంది కరెంటు. మనకే పోయినట్టుందిరా" అన్నారు అత్తయ్యగారు. ఆయన పిల్లని ఆవిడకిచ్చి వరండాలోకొచ్చేరు. బోర్డు చూసేరు. నన్ను చూసేరు.

నేను ముందు లోపలికెళ్ళి అత్తయ్యగారి చేతుల్లోంచి షారోనుని తీసుకున్నాను. బల్ల వెనక గోడ దగ్గర ప్లగ్గు అక్కడే ఉంది. కొంచెం వంగితే కనపడేది, చుక్క పైకుందో కిందకుందో. నేను వంగలేదు. పైకుంటే నాది పిచ్చి భయమైపోతుంది. కిందకుంటే అత్తయ్యగారి తప్పయిపోతుంది. అసలు సంగతి ఆ రెండూ కాదు.

"ఫ్యూజులేవి?" అన్నారు ఆయన గుమ్మంలోంచి.

"కరెంటు పోలేదండి. నేనే తీసేను."

పోలిరాజు గారు గ్లాసు ఎక్కడుందా అని వెతుక్కుంటున్నట్టు తల తిప్పుకున్నారు. మా ఆయన నవ్వుతూనే చెయ్యి చాపేరు, బయటి మనిషి ఉన్నారు కదా. "సరే, ఇటియ్యి."

"రేడియోలన్నీ అటక మీదకి ఎక్కించండి. ఆ గది పిల్లకి కావాలి, మంచం అందులో వేస్తాను. అప్పుడిస్తాను."

"ఇంట్లో దీపాల్లేకుండా ఎలాగే?" అన్నారు అత్తయ్యగారు.

"తుపానుకి ఉన్నాం కదండి."

ఆయన దగ్గరికొచ్చేరు. నవ్వు అలాగే ఉంది, గొంతు మాత్రం తగ్గించేరు. "నీకు భయం మరీ ఎక్కువైపోతోంది కరుణా."

షారోను నా భుజం మీద తల పెట్టింది. ఫ్యూజులు నా గుప్పిట్లో వెచ్చబడ్డాయి.

"అవునండి" అన్నాను, అందరికీ వినపడేలాగే. "ఇంట్లో భయమంతా నేనొక్కదాన్నే పడుతున్నాను. ఇవాళ్టి నుంచి సగం మీరు పడండి."